అద్దం తుడిస్తే ఎంత? నల్లగొండలో ఇంకా పుట్టని రేటు లెక్క

నల్లగొండలో ఇల్లు కట్టిస్తున్నవాళ్లను ఎవరిని కదిలించినా రేట్లన్నీ నోటికి అప్పజెప్తారు. ప్లాస్టరింగ్‌కు ఇంత, పుట్టీకి ఇంత, టైల్స్‌కు ఇంత, ఫాల్స్ సీలింగ్‌కు ఇంత. అడ్డా మీద మనిషికి రోజు కూలి ఎంతో కూడా అందరికీ తెలిసిందే. అదే కిటికీ అద్దాలు శుభ్రం చేయడానికి ఎంత అని అడిగి చూడండి. ఒకరు వంద అంటారు, ఒకరు వెయ్యి అంటారు, మూడో ఆయన "దానికి కూడా పైసలిస్తారా?" అని నవ్వేస్తాడు.

ముగ్గురిలో ఎవరినీ తప్పు పట్టలేం. ఈ పనికి మన ఊళ్లలో రేటు ఇంకా కుదురుకోలేదు. అద్దాలు మాత్రం ముందే వచ్చేశాయి. షోరూముల ముందు భాగమంతా అద్దమే, కొత్త ఇళ్లలో చెక్క రెక్కల బదులు యూపీవీసీ స్లైడింగ్ కిటికీలే. 2023లో మహబూబ్‌నగర్‌కు, నల్లగొండకు ఐటీ టవర్లు కూడా వచ్చాయి. కాబట్టి ఒక నిచ్చెన, ఒక బకెట్టు, నాలుగు గుడ్డలు పెట్టుకుని ఈ పని మొదలుపెడదామా అని ఆలోచించే కుర్రాళ్లు కనిపిస్తున్నారు. ఆలోచన మంచిదే. ఎత్తు అద్దాలకు అందే పొడవాటి పోల్, నిచ్చెనతో కలిపి పది పదిహేను వేలలో సామాను వస్తుంది. చిక్కంతా సామాను కొన్న తర్వాతే.

అందరూ రెండు ప్రశ్నలు వేస్తారు. రేటు ఎంత పెట్టాలి? కస్టమర్లు ఎక్కడ దొరుకుతారు? వీటిని విడివిడిగా తీసుకోవడంలోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం. ఒక కస్టమర్‌కు ఇంకో కస్టమర్ ఎంత దూరంలో ఉన్నాడన్నదాన్ని బట్టే రేటు తేలుతుంది. ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలన్నది కూడా దాన్ని బట్టే తేలుతుంది. ఇదెలాగో లెక్క వేసి చూద్దాం.

గంట ఖరీదు తెలియకుండా నోరు తెరవొద్దు

మనకు కూలి, గుత్త రెండూ కొత్త కాదు. రోజు లెక్కన అయితే కూలి, పని మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటే గుత్త. అద్దాల పనిలో కస్టమర్‌కు చెప్పేది ఎప్పుడూ గుత్తే. గంటకు ఇంత అంటే మన దగ్గర ఎవరూ ఒప్పుకోరు, నెమ్మదిగా చేస్తున్నాడేమోనని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కానీ ఆ గుత్త అంకె ఎక్కడి నుంచి రావాలంటే గంటల నుంచే రావాలి. నోటికొచ్చిన అంకె చెప్పి, తర్వాత రోజంతా చాకిరీ చేసినవాళ్లే ఎక్కువ.

ఇద్దరు మనుషులు, ఒక బండి ఉన్నాయనుకుందాం. కింది అంకెలు ఉదాహరణకే, ఎవరివి వాళ్లు వేసుకోవాలి. నెలకు మీకు 22,000 మిగలాలి. హెల్పర్‌కు 14,000. పెట్రోలు 3,000. లిక్విడ్, గుడ్డలు, రబ్బర్లకు 2,000. నిచ్చెన, పోల్ అరిగిపోయినప్పుడు కొనడానికి పక్కన పెట్టేది 1,500. ఫోను, కార్డులకు 500. బండి రిపేర్లకు 1,000. రాని బాకీలకు ఇంకో 1,000. మొత్తం 45,000.

ఇప్పుడు చాలామంది 45,000ను 26 రోజులతో, రోజుకు 8 గంటలతో భాగించి, గంటకు 216 రూపాయలని తేల్చేస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది. నిజానికి నెలలో వాన పడ్డ రోజులుంటాయి, పెళ్లిళ్లుంటాయి, హెల్పర్ చెప్పకుండా మానేసిన రోజులుంటాయి. 22 రోజులు పని జరిగితే గొప్ప. ఆ రోజుల్లోనూ కొటేషన్ చెప్పడానికి వెళ్లిన సమయం, బాకీ కోసం తిరిగిన సమయం, ఓనర్ వచ్చేదాకా గేటు ముందు నిలబడ్డ సమయం పోతే, ప్రయాణంతో కలిపి డబ్బు రాబట్టగలిగేది ఆరు గంటలే అనుకోండి. 22 ఆర్లు 132 గంటలు. 45,000ను 132తో భాగిస్తే గంటకు దాదాపు 340.

216కు, 340కి మధ్య ఉన్న తేడా మీ సొంత జీతంలోంచే పోతుంది. హెల్పర్‌కు ఇవ్వక తప్పదు, పెట్రోలు పోయించక తప్పదు. నెలాఖరుకు "పని ఫుల్లుగా ఉంది కానీ పైసలు కనబడ్తలేవు" అనే మాట ఇక్కడి నుంచే వస్తుంది.

ఒకే అద్దం, రెండు రేట్లు

ఆ 340ని పట్టుకుని ఒక షాపుకు వెళ్దాం. ప్రకాశం బజార్‌లో మామూలు దుకాణం, ముందు రెండు పెద్ద అద్దాలు, ఒక డోరు. నెలవారీగా చేస్తున్న షాపైతే ఇద్దరికీ పావుగంట పని. అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు. మొత్తం 35 నిమిషాలంటే ఖర్చు 198 రూపాయలు.

అదే వరుసలో ఐదు షాపులు ఒప్పుకున్నాయనుకోండి. ప్రయాణం ఒక్కసారే ఇరవై నిమిషాలు, పని ఐదు పావుగంటలు. మొత్తం 95 నిమిషాలకు 538 రూపాయలు. షాపుకు 108 పడింది. అద్దం అదే, మనుషులు వాళ్లే, లిక్విడ్ అదే. రేటు మాత్రం దాదాపు సగానికి దిగింది. మీకు పైసా నష్టం లేదు.

అందుకే "పక్క ఊళ్లో వాడు వందకే చేస్తున్నాడట" అనే మాటకు భయపడాల్సిన పని లేదు. అతనికి ఆ వీధిలో పది షాపులుంటే వంద గిట్టుబాటే. మీకు ఒక్కటే ఉంటే అది నష్టం. ఇంకొకరి రేటు చూసి మన రేటు పెట్టుకోవడం ఈ పనిలో కుదరదు, ఎందుకంటే ఆయన రేటు వెనక ఆయన వీధి ఉంటుంది.

ఇప్పుడు ఇల్లు. ఊరి బయట కాలనీలో రెండంతస్తుల ఇల్లు, 14 కిటికీలు, అన్నిటికీ ఇనుప గ్రిల్లు, దోమల జాలి. గ్రిల్లుల్లోంచి చెయ్యి దూర్చి అద్దం తుడవాలి, జాలి తీసి కడగాలి, స్లైడింగ్ ట్రాకులో పేరుకున్న మట్టిని గీకాలి. మొదటిసారి కిటికీకి 12 నిమిషాలు వేసుకున్నా 168 నిమిషాలు. సామాను సర్దడం, నిచ్చెన జరపడం 20, ప్రయాణం 25. మొత్తం 213 నిమిషాలకు 1,200 రూపాయల పైచిలుకు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్తే అదే ఇంట్లో కిటికీకి ఐదు నిమిషాలు చాలు, ఖర్చు 650 దగ్గర ఆగుతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. మొదటిసారికి ఎక్కువ చెప్తే పారిపోతారేమోనని 650 చెప్తారు. కస్టమర్ మనసులో అదే రేటుగా నాటుకుపోతుంది, తర్వాత ఇక పెరగదు. దానికన్నా రెండు అంకెలూ ఒకేసారి చెప్పడం మేలు. "ఏళ్ల మట్టి ఉంది కాబట్టి ఈసారి 1,200. మూడు నెలలకోసారి చేయించుకుంటే 650." మొదటి అంకె విని మొహం ముడుచుకున్నవాళ్లు రెండోది విని ఆలోచనలో పడతారు. మొదటిసారికి తగ్గించి ఇవ్వాలన్నా సరే, ఎంత తగ్గించారో చీటీ మీద రాసి ఇవ్వండి.

బేరం ఎలాగూ తప్పదు. మన దగ్గర బేరమాడకపోతే కొన్నట్టే ఉండదు. తొమ్మిది వందలకు చెయ్యమంటే చెయ్యండి, కానీ మూడు వందల పని తగ్గించి చెయ్యండి. పై లెక్కలో కిటికీకి 12 నిమిషాల్లో నాలుగు నిమిషాలు జాలికి, ట్రాకుకే పోతున్నాయి. 14 కిటికీలకు అది 56 నిమిషాలు, అంటే మూడు వందల పైనే. "జాలీలు మీరే కడుక్కుంటే తొమ్మిది వందలు సరిపోతాయక్కా" అనొచ్చు. చాలామంది అప్పుడు జాలీలు కూడా చేసెయ్యమనే అంటారు. ఊరికే తగ్గిస్తే మాత్రం మొదట చెప్పింది ఎక్కువ రేటేనని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు.

కాంట్రాక్టర్లు, ఇంటీరియర్‌వాళ్లు వేరే భాష మాట్లాడతారు. వాళ్లకు అంతా ఎస్‌ఎఫ్‌టీయే. అడిగినప్పుడు తడబడకుండా ఒక అంకె జేబులో ఉండాలి, అదీ గంటల నుంచి తీసిందే. దానికన్నా ముఖ్యం, ఏ చదరపు అడుగో తేల్చుకోవడం. అద్దం కొలతా, ఇంటి కొలతా? ఒక వైపా, రెండు వైపులా? పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న అద్దం ఒక వైపు 96 చదరపు అడుగులు, రెండు వైపులా 192. ఈ ఒక్క మాట రాసుకోనందుకు సగం డబ్బు పోతుంది.

కొత్తగా కట్టిన ఇంట్లో పెయింటు చుక్కలు, పుట్టీ, సిమెంటు గీకే పనిని మాత్రం మామూలు రేటుతో అస్సలు కలపకండి. గంటల లెక్క వేస్తే రెట్టింపు దాటుతుంది. పైగా రిఫ్లెక్టివ్ అద్దానికి పూత ఉన్న వైపు బ్లేడు తగిలితే గీత పడుతుంది. ఆ గీత మీ బ్లేడుదా, అంతకుముందే మేస్త్రీ తాపీ తగిలి పడిందా అన్న గొడవలో చిన్నవాడే ఓడిపోతాడు. పని మొదలుపెట్టే ముందు ఫోన్లో ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి.

"నీళ్లు మావే గద, తగ్గించు"

బేరంలో ఈ మాట తప్పకుండా వస్తుంది. నల్లగొండలో దీనికి జవాబు, నీళ్లు మీవైతే ఇంకో యాభై ఎక్కువవుతుందని!

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అద్దం మీద నీటి చుక్క ఆరిపోతే నీళ్లు పోయి లవణం మిగులుతుంది, తెల్లటి మచ్చగా. చాలామంది వీటిని ఫ్లోరైడ్ మరకలంటారు. నల్లగొండ పేరు ఫ్లోరైడ్‌తో అంతగా ముడిపడిపోయింది. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించిందీ అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే. కానీ అద్దం మీద తెల్లగా కనిపించేది ఫ్లోరైడ్ కాదు, నీటి కాఠిన్యం. ఈ తేడా కస్టమర్‌కు రెండు ముక్కల్లో చెప్పగలిగితే మీ మాటకు విలువ పెరుగుతుంది.

తాగునీటికి భారతీయ ప్రమాణంలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచివే, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరే. తాగడానికి సరిపోయే ఆ నీళ్లే అద్దం మీద ఆరితే మచ్చ వదులుతాయి. నీళ్లు కొట్టి అలాగే ఆరనివ్వాలంటే ఆ అంకె పదిలోపు ఉండాలి. అందుకే పైపుతో నీళ్లు కొట్టి వెళ్లిపోవడం మన దగ్గర పనికిరాదు. స్క్వీజీ రబ్బరుతో నీళ్లను పైనుంచి కిందికి లాగేసి, అంచులు పొడి గుడ్డతో ఒత్తేస్తే ఆరడానికి చుక్కే మిగలదు. అప్పుడు మామూలు ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు చాలు. ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి బండి మీద పెట్టుకుని వెళ్లండి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల్లోనే దొరుకుతుంది. కస్టమర్ బోరు నీళ్లలో ఒకసారి, మీ క్యాన్‌లో ఒకసారి ముంచి చూపిస్తే నీళ్ల బేరం అక్కడితో ఆగిపోతుంది.

అన్నిటికన్నా మొండి అద్దం కూలర్ పక్కన ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బోరు నీళ్లతో నడిచిన కూలర్ తుంపర్లు పక్క అద్దం మీద పొర మీద పొరగా గట్టిపడి ఉంటాయి. వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. రేటు చెప్పే ముందే ఆ అద్దం మూలన నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు అద్ది, మూడు నాలుగు నిమిషాలు ఆగి తుడిచి చూడండి. వదిలితే అది పైన పేరుకున్న లవణమే, టైము పట్టినా పోతుంది. వదలకపోతే అద్దమే దెబ్బతిని ఉండొచ్చు. "ఇది పూర్తిగా పోదు సార్" అని ముందే చెప్తే నిజాయితీ, పని అయ్యాక చెప్తే సాకు.

తొందరలో బాత్రూమ్ యాసిడ్ వాడేవాళ్లుంటారు. అద్దానికి ఏమీ కాకపోయినా అల్యూమినియం ఫ్రేము మచ్చలు పడుతుంది. కింద తాండూరు బండలో షాబాద్ బండలో ఉంటే ఇంకా ఘోరం. అవి సున్నపు రాయి, యాసిడ్ చుక్క పడగానే పొంగి మచ్చ పడుతుంది. వంద రూపాయల కిటికీకి బండలు మార్పించి ఇవ్వాల్సిన గతి పడుతుంది. ఇక హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిసిన క్లీనర్లు అద్దాన్నే తినేస్తాయి, మనిషికీ ప్రాణాపాయం. వాటి జోలికి పోవద్దు.

ఎవరి అద్దం మురికైతే ఎవరికి నష్టం

కస్టమర్ల కోసం కరపత్రాలు వేయడం, పేపర్లో పెట్టి పంచడం అందరికీ మొదట తట్టేది. నా మట్టుకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. కరపత్రం ఊరంతా చల్లితే ఊరికి నాలుగు మూలల నుంచి నాలుగు ఫోన్లొస్తాయి. పైన చూసిన లెక్క ప్రకారం అవి నాలుగూ ఖరీదైన కస్టమర్లే. ఒక వీధి పట్టుకుని, అక్కడ ప్రతి షాపు మెట్లూ ఎక్కడం నయం.

ఏ వీధి? అద్దం మురికిగా ఉంటే వ్యాపారం దెబ్బతినేవాళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వీధి. బట్టల షోరూములు, బంగారం షాపులు, ప్రైవేటు హాస్పిటళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కళ్లజోళ్ల షాపులు. అయితే వెళ్లగానే "మా పోరడు రోజూ తుడుస్తడు" అంటారు. అది నిజమే. వాదించకండి, తలెత్తి పైకి చూపించండి. ఆ పోరడి చెయ్యి అందేది ఆరేడడుగుల దాకే. బోర్డు పైన ఉన్న అద్దం, మొదటి అంతస్తు ముందు భాగం పెట్టినప్పటి నుంచి ఎవరూ ముట్టుకుని ఉండరు. మీరు అమ్మాల్సింది ఆ పై భాగం పనిని, కింద రోజూ తుడిచినా వదలని తెల్ల మచ్చల పనిని. రోజువారీ తుడుపులో ఆ పోరడితో పోటీ పడితే గెలవలేరు, గెలిచినా పైసలుండవు.

షాపుల్లో పని పొద్దున ఏడు నుంచి పదిలోపు. పదికి షట్టర్లు ఎత్తితే నిచ్చెనకు చోటుండదు. మన ఎండాకాలానికి కూడా అదే టైము సరి, తొమ్మిది దాటాక అద్దం కాలిపోయి లిక్విడ్ లాగేలోపే ఆరిపోతుంది. ఓనర్లు మాత్రం పదకొండుకు వస్తారు. అందుకే పొద్దున పని, పదకొండు నుంచి ఒంటిగంట దాకా కొత్త షాపులు అడగడం, ఇలా రోజును రెండుగా కోసుకోవడం బాగుంటుంది. అడిగేటప్పుడు ఫ్రీగా ఒక్క అద్దం చేసి చూపించండి, పక్కది ముట్టుకోకండి. రెండింటి మధ్య తేడా మీ కార్డుకన్నా గట్టిగా మాట్లాడుతుంది. వచ్చిన ప్రతి షాపు ఓనర్‌తోనూ ఒక మాట అనండి: "పక్క షాపువాళ్లు కూడా కలిస్తే ఇద్దరికీ తగ్గిస్తా అన్నా." ఇది ఉత్త మర్యాద కాదు, లెక్క ప్రకారం నిజంగానే మీకు ఖర్చు తగ్గుతుంది. ఇళ్లకూ అంతే. ఒకే కాలనీలో ఒకే రోజు రెండిళ్లు దొరికితే 25 నిమిషాల ప్రయాణం మిగిలింది, అంటే 140 రూపాయలు. చెరో డెబ్బై తగ్గించినా మీకు పోయేదేం లేదు, పక్కింటావిడతో మాట్లాడే పని మాత్రం ఈ ఇంటావిడే చేసిపెడుతుంది.

ఇళ్ల దగ్గర ఇంకో సంగతి. తెలియని మగవాళ్లను బెడ్‌రూమ్ కిటికీ దాకా రానివ్వడం ఎవరికైనా ఇబ్బందే. కాబట్టి ఇళ్లు ప్రకటనలతో రావు, తెలిసినవాళ్ల మాట మీద వస్తాయి. అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు బిగించే ఫ్యాబ్రికేటర్లు, పెయింటింగ్ మేస్త్రీలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్, వీళ్ల చేతుల్లో ఉన్నాయి ఆ తలుపులు. ఫ్యాబ్రికేటర్‌కైతే మీరు నిజంగా పనికొస్తారు. కిటికీ బిగించాక స్లైడింగ్ బిగుసుకుపోయిందని వచ్చే ఫోన్లలో కొన్ని ట్రాకులో మట్టి వల్ల వచ్చేవే. ఆయనకు అది తలనొప్పి, మీకు పని. పనికి ఇంత అని కమీషన్ మాట్లాడుకున్నా తప్పులేదు, దాన్ని రేటులో కలుపుకోవాలి అంతే.

ఇళ్ల సీజన్ ఎప్పుడంటే పెత్రమాసకు ముందు పదిహేను రోజులు. బతుకమ్మ మొదలయ్యేలోపు ఇల్లంతా దులపాలి, అందరికీ ఒకేసారి కావాలి. ఆ పదిహేను రోజుల్లో పండగ ఆఫర్ పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. గిరాకీ లేని ఆషాఢంలో ఇవ్వాల్సిన డిస్కౌంటు అది.

ఊరిని బట్టి మురికి మారుతుంది, దాన్ని బట్టి ఎన్నాళ్లకోసారి అన్నదీ మారుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల బాయిలర్లలో ఊక కాలుతుంది, ఆ నల్ల బూడిద గాలివాటుగా కిటికీల మీద పడుతుంది. అక్కడ నెలకోసారి అన్నా ఒప్పుకుంటారు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేటల్లో ఫుడ్ కోర్టులున్నాయి, బస్సు దిగినవాళ్ల వేలిముద్రలు తలుపుల నిండా. మంచి కస్టమర్లే, కానీ ఒక్కదాని కోసం నల్లగొండ నుంచి పోతే పెట్రోలుకే సరి. మూడు నాలుగు కుదిరాక, వారంలో ఒక రోజును హైవేకే కేటాయిస్తేనే లెక్క తేలుతుంది. అటు పాలమూరులోనూ ఇంతే. మహబూబ్‌నగర్ టౌన్ ఒక లైను, జడ్చర్ల ఒక లైను. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోని కంపెనీలు నేరుగా మీకు పని ఇవ్వడం కష్టం. హౌస్‌కీపింగ్ ఏజెన్సీలకు సబ్ కాంట్రాక్టుగా చేయాల్సి ఉంటుంది, డబ్బు ఆలస్యంగా వస్తుంది.

ఇళ్ల పైకప్పు సోలార్ ప్యానెళ్లు కూడా మీ పనే అనుకోండి. అదే పోల్, అదే మంచి నీళ్లు. ప్యానెల్ మీద బోరు నీళ్ల మచ్చలు వెలుతురును అడ్డుకుంటాయి కాబట్టి ఓనర్‌కు చెప్పడం సులువు. ఎండలో కాలుతున్న ప్యానెల్ మీద చల్లటి నీళ్లు మాత్రం పోయకండి.

ఉద్దెర, బిల్లులు, నిచ్చెన

షాపులకు నెలవారీ అన్నారంటే ఉద్దెర మొదలైనట్టే. ఐదో తారీఖున వసూలు, రెండు నెలలు దాటితే పని ఆపడం. ఇది మొదటి రోజే నవ్వుతూ చెప్పాలి. వెళ్లిన ప్రతిసారీ ఒక చిన్న కార్డు మీద తేదీ వేసి షాపువాళ్ల సంతకం పెట్టించుకుంటే "ఈ నెల రెండుసార్లే వచ్చినవ్ గద" అనే పంచాయితీ ఉండదు.

హాస్పిటళ్లు, కాలేజీలు బిల్లు అడుగుతాయి. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాటితే ఈ పని మీద 18 శాతం. పెద్ద సంస్థలు ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఒక శాతం పన్ను పట్టుకుని ఇస్తాయి. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. అది ఉంటే, కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని చట్టం చెప్తుంది. హాస్పిటల్ మేనేజర్‌తో కొట్లాడటానికి కాదు, బిల్లు కింద ఉద్యమ్ నంబరు ఒక లైను ఉంటే చాలు, అకౌంట్స్‌వాళ్లు చదువుతారు.

ఎత్తు గురించి మాత్రం రేటుతో తేలని సంగతి ఒకటుంది. మన టౌన్లలో కరెంటు లైన్లు చాలాచోట్ల మొదటి అంతస్తు పక్క నుంచే పోతాయి. అల్యూమినియం పోల్, తడి చేతులు, పక్కనే లైను. ఆ అద్దానికి ఎంతిచ్చినా వద్దనాల్సిందే. నిచ్చెన వేస్తే నాలుగడుగుల ఎత్తుకు ఒకడుగు చొప్పున కింద కాలు జరిపి ఉండాలి, ఒకరు పట్టుకుని ఉండాలి. అందుకే పై లెక్కంతా ఇద్దరు మనుషులతో వేశాను. హెల్పర్‌కు బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి, ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలొస్తాయి. మనిషికి ఏమైనా అయితే అది ఏ మూలకూ చాలదు, అయినా కట్టనివాళ్లే ఎక్కువ. రెండో అంతస్తు దాటితే తాళ్లు, హార్నెస్, శిక్షణ ఉన్నవాళ్ల పని అది. అలాంటి బిల్డింగ్ దొరికితే హైదరాబాద్ టీమ్‌కు అప్పగించి కింది అద్దాలు మీరు చేయండి.

ఆరు నెలలు గడిచాక డైరీ తీసి, కస్టమర్లను ఇంటిపేర్లతో కాకుండా వీధుల వారీగా రాసి చూడండి. ఒక్కొక్కరే ఉన్న వీధులు బయటపడతాయి. రేటు పెంచాలనుకున్నప్పుడు ముందు పెంచాల్సింది వాళ్లకే, ఉగాది నుంచి ఇంత అని ఒక నెల ముందు చెప్పి. ఒప్పుకుంటే ఆ దూరం ఖర్చు వాళ్లే భరిస్తున్నట్టు. వద్దంటే వాళ్లకు పెట్టే సమయంలో నల్లగొండలోనే రామగిరిలో ఇంకో నాలుగు షాపుల మెట్లెక్కొచ్చు.